కొట్టి చూడని హెల్మెట్

పెళ్లయిన కొత్తలో మేమిద్దరం బైక్ మీద భద్రాచలం వెళ్తున్నాం. మా హెల్మెట్లది ఒకే రంగు, ఒకే స్టిక్కరు. నాది దుకాణంలో కొన్నది, మా ఆయనది రోడ్డు పక్కన కొన్నది. పాల్వంచ దాటాక అడవిపంది దూసుకొచ్చి బైక్‌ను గుద్దింది. ఇద్దరం ఎగిరి రాళ్ల మీద పడ్డాం. నా హెల్మెట్ గీసుకుపోయిందంతే. ఆయనది కొబ్బరిచిప్పలా రెండు చెక్కలైంది. నుదురు చీలి, ముఖమంతా నెత్తురు!

మా ఆయన బొగ్గుగని కార్మికుడు. గని పైకప్పును కడ్డీతో కొట్టి, చప్పుడును బట్టి గట్టిగా ఉందని తేలాకే పనిలోకి దిగే మనిషి. దవాఖానాలో కుట్లు వేస్తుంటే మూలిగారు: "గనిల కప్పును రోజు కొట్టి చూస్త. నెత్తి మీది దాన్ని కొట్టి చూడకపోతి!"

కోలుకున్నాక కొత్త హెల్మెట్ కోసం వెళ్లి, ఒక్కోదాన్నీ గోడకేసి కొట్టడం మొదలుపెట్టారు.

"అన్నా, పగులుతది!" అని దుకాణదారు అరిచాడు.

"పగిలేదైతే ఇక్కడనే పగలనియ్యి."