మావయ్యగారి బకెట్ బోను

పోయిన శనివారం మా మావయ్యగారు బాపట్లలో కన్నుమూశారు. తెనాలిలో నేను పాఠాలు చెప్పే బడికి ఫోన్ వస్తే క్లాసు మధ్యలో వదిలేసి బస్సెక్కాను. ఇంటికి చేరేసరికి వాకిట్లో కూర్చున్న వాళ్లంతా ఒకటే మాట అంటున్నారు: "ఎలకని కూడా చంపని దయగల మనిషి." బతికుండగా ఆ మాట వింటే ఆయన లేచి వెళ్లిపోయేవారు. ఆయన ఎందుకు అలా మారారో తెలిసినదాన్ని కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లింది ఎనభైల మొదట్లో. అప్పటికి ఆయన బడి నుంచి కొత్తగా రిటైరయ్యారు. బీరువాలో ఆయన బైబిలు అట్టని ఎలకలు కొరికేశాయి. కోపమొచ్చి, మాకెవరికీ చెప్పకుండా ఎండు చేప ముక్కలకి మందు పూసి అటక మీద పెట్టారు. మర్నాడు పక్కింటి పెద్దమ్మగారి పిల్లి నూతి దగ్గర చచ్చిపడి ఉంది. పిల్లలు లేని ఆవిడ మంచం మీదే పడుకునే పిల్లి అది.

పెద్దమ్మగారి వెనక వాటాలో ఒక టైలరమ్మ అద్దెకుండేది. కుట్టడానికిచ్చిన జాకెట్లు ఎలకలు కొరికేస్తున్నాయని, మందు పెట్టేస్తానని అంతకు ముందే నలుగురిలో అని ఉంది. ఇంకేముంది, అందరూ ఆమెనే అరుగు ముందు నిలబెట్టి అడిగారు. "నేను పెట్టలేదండి" అని ఏడ్చింది. మావయ్యగారు మా గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. లోపలికొచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద ఎత్తకుండానే చెయ్యి కడిగేసుకున్నారు. ఎందుకో మాకు తెలియలేదు. నెల తిరక్కుండా ఆమె మిషను బండి మీద వేసుకుని, పిల్లల్ని తీసుకుని రేపల్లె వెళ్లిపోయింది.

తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆయన మా ఇంటి ముందు ఆగలేదు. పెద్దమ్మగారి అరుగు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డారు. నేను వెనకే ఉన్నాను.

"అక్కయ్యగారూ, మీ పిల్లి తిన్న మందు మా అటక మీదదండి. ముక్క తగ్గిందని ఆ పొద్దున్నే చూశాను. చెప్పడానికి నోరు రాలేదు."

ఆవిడ ఖాళీగా ఉన్న వెనక వాటా వైపు చూసింది. "నాతో చెప్తే ఏం లాభం మాస్టారూ? ఆ పిల్లనే కదా మనం ఊరు దాటించాం" అంది.

ఇంటికొచ్చాక, వీధిలో మన పరువేమవుతుందో అని నేను గొణిగాను. ఆయన నా వైపు చూడకుండా, "రేపు నాతో రేపల్లె వస్తావా అమ్మాయ్? ఒక్కణ్ణీ వెళితే గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేస్తానేమోనని భయంగా ఉంది" అన్నారు.

వెళ్లాం. టైలరమ్మ మిషను ఆపి ఆయన చెప్పిందంతా విన్నది. "ఆ మాట ఆ రోజు అరుగు మీద అని ఉంటే సరిపోయేది కదండి" అంది.

"అవునమ్మా" అన్నారు ఆయన.

పర్వాలేదని ఆమె అనలేదు. మంచినీళ్లు మాత్రం ఇచ్చింది. నీళ్లు తాగుతూ ఆయన మూల వేలాడుతున్న జాకెట్టు వైపు చూశారు. అంచు కొరికేసి ఉంది. "ఇక్కడా ఎలకలున్నాయా?"

"ఉన్నాయండి. పసిపిల్లలున్న ఇల్లు. మందు పేరెత్తకండి."

ఆయన ఆమె బకెట్టూ, ఖాళీ పాలపొడి డబ్బా అడిగి తీసుకున్నారు. డబ్బాకి ఆ కొసా ఈ కొసా చిల్లు పొడిచి తీగ దూర్చి, బకెట్టు మీద అడ్డంగా కట్టారు. డబ్బా మధ్యలో వేరుశనగ పాకం రుద్దారు. ఎక్కడానికి చెక్కముక్క ఆనించారు. ఎలక డబ్బా మీద కాలు పెడితే అది గిర్రున తిరుగుతుంది, ఎలక బకెట్లో పడుతుంది. దెబ్బ తగలకుండా అడుగున పాత గుడ్డలు పరిచారు. మొదటిసారి తీగ వంకరై డబ్బా తిరగలేదు. టైలరమ్మే సరిచేసింది. వారం తర్వాత మళ్లీ రేపల్లె వెళ్లి, పని చేస్తోందో లేదో చూసొచ్చారు.

అక్కణ్ణుంచి అడిగిన ప్రతి ఇంటికీ ఆయనే వెళ్లి కట్టేవారు. మా ఇంట్లో పడిన వాటిని ఒక మూత డబ్బాలోకి ఒంపుకుని, మొదట్లో కర్లపాలెం రోడ్డు పక్క చేలల్లో వదిలేవారు. ఒక రైతు ఆపి, "మీ ఇంట్లోవి మా చేలోకి తెస్తారేంటండి మాస్టారూ?" అంటే, తప్పయిందని చెప్పి డబ్బా పట్టుకుని ఇంటికి తిరిగొచ్చేశారు. అప్పట్నుంచి ఎంత దూరమైనా సరుగుడు తోటలకే వెళ్లేవారు. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం తల దించుకునేవారు. "దయేం కాదండి, సిగ్గు. అది ఉన్నన్నాళ్లు మందు ముట్టుకోను" అనేవారు.

పెద్దమ్మగారు మళ్లీ పిల్లిని పెంచలేదు. టైలరమ్మ మళ్లీ బాపట్ల రాలేదు. ఆయన ఆ రెండూ మర్చిపోలేదు.

మోకాళ్లు సహకరించని ఆఖరి ఏడాది నేనే ఆయన్ని రిక్షాలో సరుగుడు తోటకి తీసుకెళ్లాను. ఇసుకలో కూర్చుని డబ్బా పక్కకి వాల్చి మూత తీశారు. చిట్టెలుక లోపలే ముడుచుకుని ఉంది. తట్టి బయటికి తోలబోయాను.

"వద్దమ్మాయ్. భయం పోయాక అదే వెళ్తుంది."

అలా అని ఆయన దానికి వీపు పెట్టి అటు తిరిగి కూర్చున్నారు. నన్నూ తిరగమన్నారు. ఎండ చెట్ల మధ్య నుంచి ఇసుక మీదికి పాకుతోంది. వెనక రాలిన సరుగుడు ఆకుల మీద చిన్నగా అలికిడైంది, ఆగింది, మళ్లీ అయింది. ఆయన తల తిప్పలేదు.