మునెమ్మ ఎత్తుకు చేసిన బీరువా

మా వంటింట్లో ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధం నిలబడి ఉండింది. దానికి రెండు తలుపులు, లోపల అరలు, పైన ఆకుపచ్చ ఎనామిల్ రంగు. రోజూ దాన్ని తెరిచే కాఫీపొడి తీసేవాళ్లు. ఆ కాఫీ నేను తాగేవాణ్ణి. ఇన్నేళ్లు మోసిన బరువు దించుకుంటున్నానంటే మీరు నా మీద జాలిపడతారేమో. వద్దు. జాలి చూపిన వాళ్ల మీదే నాకిప్పుడు కోపం. ముందు సంగతి వినండి.

నేను బంగారు గనిలో టైమాఫీసు గుమాస్తాగా పనిచేశాను. ఎవరు ఏ షిఫ్టులో దిగారు, ఎవరు పైకి వచ్చారు, అది రాయడం నా ఉద్యోగం. ఇంటికొచ్చి డైరీ రాసుకోవడం నా అలవాటు. గనిలోకి దిగే వాళ్లకు మా గుమాస్తాలంటే చులకన. పెన్ను పట్టే చేతులని ఎగతాళి చేసేవాళ్లు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేవాణ్ణి, కానీ గుచ్చుకునేది. ఇది సాకుగా చెప్పడం లేదు. ఎక్కడ మొదలైందో చెబుతున్నాను.

మా లైనులో, అంటే గని పనివాళ్ల ఇళ్ల వరుసలో, పక్కింట్లో చెంగప్ప ఉండేవాడు. సొరంగం కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అతనిది. పేలుడు మందు చెక్కపెట్టెల్లో వచ్చేది. ఖాళీ అయిన పెట్టెలను పనివాళ్లు ఇళ్లకు తెచ్చుకునేవాళ్లు. మా లైన్లలో పీటలు, స్టూళ్లు, కోళ్లగూళ్లు అన్నీ ఆ పలకలవే. చెంగప్ప వాటితో తన భార్య మునెమ్మకు వంటింటి బీరువా చేశాడు. మూలల్లో ఒక్క మేకు లేదు. రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు పలకల అంచులు కలిపాడు. మునెమ్మ పొట్టి మనిషి. ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి, మోచేయి దగ్గర బొగ్గుతో గీత గీసి, బీరువా పైపలక ఆ గీతకు కొంచెం కింద ఉండేట్టు కోశాడు. నిలబడి కూరలు తరిగితే ఆమెకు నడుము నొప్పి పుట్టకూడదని. ఆ గీత గీసేటప్పుడు నేను వాళ్ల గుమ్మంలోనే ఉన్నాను.

కొన్నేళ్లకు గని లోపల రాయి పడి చెంగప్ప చనిపోయాడు. తర్వాత గనే మూతపడింది. మునెమ్మ తన కూతుర్ని తీసుకుని మాలూరు ఇటుకబట్టీలకు పనికి బయల్దేరింది. అక్కడ ఉండేది రేకుల గుడిసె. అందులో బీరువా పట్టదు. అప్పుడు ఊరొదిలిన వాళ్లందరూ ఏదో ఒకటి పక్కింట్లో వదిలి వెళ్లారు. ఒకరి మంచం, ఒకరి రోలు. ఎవరూ ఎవరినీ హామీ అడగలేదు. “రూము ఒకటి దొరికినాక తీసకపోతానన్నా” అంది మునెమ్మ. సరేనన్నాను.

మరుసటి వానలకు పలకలకు బూజు పట్టింది. రంగు వేస్తే చెక్క నిలుస్తుందనుకున్నాను. గరుకు ఉప్పుకాగితంతో రుద్దాను. పెట్టెల మీద కంపెనీ వేసిన నల్లక్షరాలు పోలేదు. లప్పం పూసి, ఎండనిచ్చి, మళ్లీ రుద్ది, తెల్ల ప్రైమరు ఒక కోటింగు, దాని మీద ఆకుపచ్చ రెండు కోటింగులు వేశాను. పని శుభ్రంగా కుదిరింది. ఆ అక్షరాలు మూసేటప్పుడు నా మనసులో ఏముంది? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. చెక్కను కాపాడాలనే ఉంది, నిజమే. మరి కాపాడేవాడు తలుపుల పిడులు ఎందుకు మార్చాడు? చెంగప్ప చెక్కిన కొయ్య పిడులు బాగానే ఉన్నాయి కదా. వాటిని తీసి ఇత్తడివి ఎందుకు బిగించాను?

ఫోర్‌మన్‌గా చేసిన దేవరాజు ఒకరోజు ఇంటికొచ్చి దాన్ని చూశాడు.

“యాడ కొన్నావప్పా ఇది?”

“కొన్లేదు.”

“అయితే నువ్వే చేసినావా? గుమాస్తా చేతుల్లో ఇంత పని పెట్టుకోని ఇన్నేండ్లూ మూసుకోనుంటివే.”

కాదనడానికి ఒక్క మాట చాలు. నేను నవ్వాను. దేవరాజు లైనంతా చాటాడు. తమకూ ఒకటి చేసిపెట్టమని వచ్చిన వాళ్లకు నడుము నొప్పి అని చెప్పాను. దేవరాజు మాత్రం వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవాడు. “మీ ఆడమనిషి అంత పొడుగుండాది, దీన్ని ఇంత పొట్టిగా యాల చేస్తివప్పా?” పలకలు చాలలేదన్నాను. నా భార్య సరోజ ఆ బీరువా ముందు వంగి వంగి కూరలు తరిగింది. ఒక్కసారి కూడా నన్నేమీ అనలేదు.

రెండు మూడేళ్లకు మునెమ్మ వచ్చింది. సిమెంటు నేల ఉన్న రూము దొరికిందట. ఆమె తమ్ముడు కిష్టప్ప టెంపో నడుపుతాడు. బండి లైను చివర ఆపి, తాళ్లు భుజాన వేసుకుని అతనూ గుమ్మం దాకా వచ్చాడు. మా ఇంట్లో వంటిల్లూ ముందు గదీ ఒకటే. దేవరాజు కాఫీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. బీరువా అతని వెనకే ఉంది.

“అన్నా, మా బీరువా తీసకపోదామని వచ్చినాను.”

దేవరాజు గ్లాసు దించి నా వైపు చూశాడు. అంతే. ఆ చూపు చాలింది నాకు.

“దాన్ని చెదలు తినేసినాయి మునెమ్మా. పొయ్యిలోకి వాడేసినాము.”

ఆమె మెల్లగా అడిగింది. “అంతానా అన్నా? ఒక తలుపు గూడా మిగల్లేదా? ఒక పలక ఉన్నా చాలు.”

“ఏమీ మిగల్లేదు.”

సరోజ కాఫీ ఇచ్చింది. మునెమ్మ బీరువా పక్కన నిలబడే తాగింది. గ్లాసు దాని పైపలక మీద పెట్టింది. ఆమె మోచేయికి ఆ ఎత్తు సరిగ్గా సరిపోయింది. మూలను వేలితో తడిమింది.

“ఇది మీరు చేసినారా అన్నా?”

నా బదులు దేవరాజు చెప్పాడు. “ఈయప్పే చేసినాడమ్మా. గుమాస్తా అనుకుంటిమి, వడ్రంగి ఆచారి అయిపోయినాడు.”

“బాగుండాది” అంది మునెమ్మ. “మా ఆయన గూడా మూలలు ఇట్లనే కలిపేవాడు.”

గుమ్మంలో కిష్టప్ప ఏదో అనబోయాడు. “రారా, పొద్దు పోతా ఉండాది” అని ఆమె అతన్ని తీసుకుని వెళ్లిపోయింది. ఖాళీ టెంపో వెళ్తున్న చప్పుడు విన్నాను.

ఆ రోజు డైరీలో వాన పడిందని రాశాను. మునెమ్మ వచ్చింది, కాఫీ ఇచ్చాం అని రాశాను. రెండూ నిజమే. ఇంత నీచంగా నిజం రాయవచ్చని నాకు అంతకు ముందు తెలియదు. మర్నాడు సరోజ పై అరలో ఉన్న పూజ సామాన్లు తీసి కిటికీలో పెట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు. ఆమె పోయేదాకా అవి కిటికీలోనే ఉన్నాయి.

అంతా తెలిసీ బతికాను. ఎట్లా బతికానంటే ఒక ఊహ పట్టుకుని. మునెమ్మకు తెలిసిపోయింది, గుర్తుపట్టింది, మూల తడిమింది, ఆ మాట కావాలనే అంది, నలుగురిలో నా పరువు తీయకుండా పెద్ద మనసుతో వదిలేసింది. అట్లా అనుకున్నాను. అది నన్ను నిద్రపోనిచ్చింది. దొంగ తన ఊరటను కూడా దొంగిలించుకోగలడు, చూడండి.

రెండేళ్ల కింద మునెమ్మ చనిపోయిందని ఎవరి పెళ్లిలోనో విన్నాను. అన్నం కలుపుకుంటూ అయ్యో అన్నాను. ఇంకాస్త పప్పు వడ్డించమన్నాను.

ఈ ఏడాది మా కోడలు వంటిల్లు బాగు చేయిస్తానంది. “ఆ పచ్చ పెయింటు గీకించి పాలిషు ఏపిద్దాం మామా. మీ చేతిపని అందరికీ కనపడల్ల. అడుగున కాళ్లు గూడా పెట్టిస్తే నాకు ఎత్తు సరిపోతాది.” మనిషిని పెట్టవద్దు, నేనే గీకుతానన్నాను. రంగు ఊడే మందు పూసి, పొక్కులు లేచాక రేకుతో గీకాను. ఆకుపచ్చ, తెలుపు, లప్పం ఒకదాని వెనక ఒకటి ఊడాయి. నల్లక్షరాలు వచ్చాయి. మూలల్లో చెంగప్ప అతుకు కోసం కోసిన పళ్లు ఒక్కొక్కటి బయటపడ్డాయి. ఇన్నేళ్లకు కూడా సందు విడలేదు. రేకు పక్కన పెట్టి కొడుకునూ కోడలినీ పిలిచి చెప్పాను.

కొడుకు నవ్వాడు. “ఈ పెట్టె కోసమా నాయనా ఇన్నేండ్లూ కుములుతా ఉండేది? ఆ కాలంలో ఎవురు ఎవురి సామాను తిరిగి ఇచ్చినారు?”

“మీరు పెట్టుకోకుంటే నిజంగానే చెదలు తినుండు” అంది కోడలు. “ఒక రకంగా మీరే కాపాడినారు మామా.”

నా జన్మలో నాకంత కోపం రాలేదు. ఎందుకంటే అది నేను నాకు చెప్పుకున్న మాటే. అక్షరం తేడా లేదు. అదే మాట ఇంకొకరి నోట ఎంత రోతగా ఉందో అప్పుడు విన్నాను. కాపాడానా? ఒక విధవరాలు ఒక్క పలక అడిగితే లేదన్నవాడు కాపాడినవాడా? ఆ కాలంలో అందరూ అంతేనా? కాదు. రోళ్లు తిరిగి ఇచ్చారు. మంచాలు తిరిగి ఇచ్చారు. ఇవ్వనివాణ్ణి నేను. నా తప్పును అందరికీ పంచిపెట్టి నన్ను తేలిక చేయడానికి వీళ్లెవరు? తండ్రి మీద ప్రేమ అంటారు. నాకు అక్కర్లేదు ఆ ప్రేమ. దొంగను దొంగ అనలేని ప్రేమ దేనికి పనికొస్తుంది?

మునెమ్మ కూతురు శారద మాలూరు వైపున్న నరసాపురంలో ఫ్యాక్టరీ పనిలో ఉంది. ఆమెకు సెలవున్న రోజు వెళ్లాను. “రా మామా, కూర్చో” అని కుర్చీ వేసింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ తర్వాత ఆమె నన్ను మామా అనలేదు.

“ఆ పొద్దు టెంపోలో పోతానే కిష్టప్ప మామ అన్నాడంట. అక్కా, ఆ పచ్చది నీ బీరువానే, ఆ మనిషి అబద్ధం చెప్తా ఉండాడు అని. మా అమ్మ ఒప్పుకోలేదు. అన్న అట్లాటోడు కాదు, మూలలు ఎవురైనా అట్ల కలపొచ్చు, ఇంగోసారి ఆయన్ను దొంగంటే నా గడప తొక్కొద్దు అనింది. మామ తొక్కలేదు. నా పెండ్లికి గూడా రాలేదు. అమ్మ చచ్చిపోయినాకే వచ్చినాడు.”

మునెమ్మకు తెలియలేదు. ఆమె నన్ను నమ్మింది. నా కోసం తోడబుట్టినవాణ్ణి వదులుకుంది.

బీరువా పంపిస్తానన్నాను.

“మీరు పంపొద్దు. మామను పంపిస్తాను. ఆయప్పకు మీ నోటితో చెప్పండి. మీ ఇంటోళ్లందరూ ఉండల్ల.”

కిష్టప్ప వచ్చాడు. జుట్టు నెరిసింది. కొడుకు, కోడలు, మా లైనులో మిగిలిన ఇద్దరు ముసలివాళ్లు, అందరినీ పిలిచి కూర్చోబెట్టాను. చెప్పాను. గొంతు తగ్గించలేదు. కిష్టప్ప విని అడిగింది ఒకటే.

“మా అక్క ఆ పొద్దు యాడ నిలబడిండె?”

చూపించాను. అతను వెళ్లి అక్కడ నిలబడ్డాడు. మా కొడుకు ఏదో సర్దిచెప్పబోతే నోరు మూసుకోమన్నాను. తర్వాత కిష్టప్ప తలుపులు ఊడకుండా తాడు చుట్టి, “ఒక పక్క పట్టండి” అన్నాడు. పట్టాను. టెంపో దాకా ఇద్దరమే మోశాం. క్షమించానని అతను అనలేదు. నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

దీని కింద నా పేరు రాయడం లేదు. తెలియాల్సిన వాళ్ల ముందు నా పేరుతోనే నిలబడ్డాను. ఇన్నేళ్లూ నోటికి రాని వాక్యం ఒకటి ఇప్పుడు రాయగలుగుతున్నాను. నాకు దక్కేది అంతవరకే. ఆ బీరువా చేసింది చెంగప్ప.