చింతనిప్పు కిందికి దిగాడు

మా ఆయన్ని పనిచోట ఎవరూ పేరుపెట్టి పిలవరు. చాటున ‘చింతనిప్పు’ అంటారు. క్రేను నడపడంలో ఆయన్ని మించినవాడు లేడు, తిట్టడంలోనూ లేడు. ఆ నోటికి జడిసి ఏ హెల్పరూ నెల నిలవడు. చివరికి నా తమ్ముణ్ణే తెచ్చి పెట్టాను, బావే కదా, పడతాడులే అని.

ఆయన బాప్తిస్మం తీసుకుని ఏడాదైంది. రోజూ పొద్దున్నే పొయ్యి పక్కన మోకరించి, “ప్రభువా, ఇవాళ నా నోరు నీ చేతిలో పెట్టుకో” అని వేడుకుంటాడు. మధ్యాహ్నానికల్లా దేవుడి చేతిలోంచి జారిపోతుంది. “పాపం, దేవుడికి వేరే పనులుండవా?” అని నేను ఎగతాళి చేస్తాను. దీనమనసు, సాత్వికం అంటే ఆదివారం వినడానికి బాగానే ఉంటాయి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. కట్టడం పక్కనే టీ దుకాణం నడిపేదాన్ని, నాకు తెలీదా?

ఆ రోజు గాలి లేచింది. చివరి ఇనుప దూలం ఇంకా పైకి ఎక్కించాలి. “గాలి ముదిరేలోపు ఇది ఎక్కలేదో, రేపు ఆ సీట్లో ఇంకొకడుంటాడు” అని సూపర్‌వైజరు అందరి ముందూ అనేశాడు. మా ఆయన పళ్ళు బిగించుకుని క్రేనెక్కాడు. దూలాన్ని ఎత్తే బెల్టులు కట్టింది మా తమ్ముడు. అది ఊగకుండా తాడు పట్టుకుని కింద నిలబడ్డదీ వాడే.

ఇక్కడ ఒక కట్టుబాటుంది. ఎవరైనా సరే, ఊడ్చే మనిషైనా సరే, రెండు చేతులూ పైకెత్తి ఊపితే క్రేను ఆగిపోవాలి. ఎందుకని తర్వాత అడగాలి. దూలం సగం దూరం వెళ్ళిందో లేదో, ఇటుకలు మోసే కొత్తమ్మాయి చేతులెత్తి ఊపింది. దూలం గాల్లో ఆగి ఊగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

“ఆపకు! ఎత్తు!” సూపర్‌వైజరు వాకీటాకీలో అరిచాడు.

మా ఆయన ఎత్తలేదు. నెమ్మదిగా దించి నేలకి ఆనించాడు. దూలం వెళ్ళే దారిలో, ఇటుకల గుట్ట వెనక మనిషున్నాడనుకుందట ఆ పిల్ల. తీరా చూస్తే ఉన్నది ఎవరో ఆరేసిన చొక్కా. పొద్దున పిల్లిని చూసి కూడా ఆపించింది మహాతల్లి. అందరూ పడీపడీ నవ్వారు.

ఆయన క్యాబిన్ మెట్లు దిగుతుంటే నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముఖం కందగడ్డయింది, మెడ నరాలు తేలాయి. ఆ ముఖం నాకు తెలుసు. అది కనిపిస్తే మా ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చెయ్యవు. ఆ పిల్ల గోడకి అంటుకుపోయింది. నేను టీ వడగట్టే జల్లెడ చేత పట్టుకునే పరిగెత్తాను, ఎవరో ఒకరు ఆ నోటికి అడ్డం పడాలి కదా.

ఆయన ఆమె ముందు ఆగాడు. హెల్మెట్ తీశాడు. నోరు తెరిచాడు, మూశాడు. లోపలెంత పెనుగులాడుతున్నాడో నాకు తెలుస్తూనే ఉంది.

“భయపడకమ్మా,” అన్నాడు. “అనుమానమొచ్చింది, ఆపావు. మంచిపని చేశావు. రేపూ ఇలాగే ఆపు. చొక్కా అయితే అవనీ.”

“రేపు నువ్వుంటే కదా!” సూపర్‌వైజరు చెయ్యి చాపాడు. “తాళాలిటివ్వు. ప్రార్థనలు ఇంట్లో చేసుకుందువుగాని.”

ఆయన తాళాలు తీసి ఆ చేతిలో పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనైతే ఆ జల్లెడ వాడి నెత్తిన బోర్లించేదాన్నే.

అప్పుడు కదిలాడు మా తమ్ముడు.

“బావా,” అన్నాడు తలెత్తకుండా. “దూలం అంచుకీ బెల్టుకీ మధ్య టైరు ముక్కలు పెట్టాలి కదా. తొందరలో మర్చిపోయాను.”

సూపర్‌వైజరే వంగి బెల్టు తిప్పి చూశాడు. ఇనుప అంచు దాన్ని సగానికి పైగా కోసేసింది.

“ఎప్పుడు గుర్తొచ్చిందిరా?” మా ఆయన అడిగాడు.

“నువ్వు ఎత్తడం మొదలుపెట్టగానే.”

“మరి చెయ్యెత్తలేదేం?”

“అందరి ముందూ తిడతావని. ఇప్పుడు ఆ అమ్మాయిని తిట్టలేదు కదా, అందుకే చెప్తున్నా.”

“దూలం పైకి వెళ్తుంటే నువ్వెక్కడున్నావు?”

“దాని కిందే, బావా. పక్కకి జరిగితే ఎందుకని అడుగుతావేమోనని.”

నా తోడబుట్టినవాడు, మా ఆయన తిట్లకన్నా మీద పడే ఇనుమే నయమనుకున్నాడు. ఆయన ఆ మట్టిలోనే కూలబడి, వాడి కాళ్ళు పట్టుకున్నాడు.

“లే బావా, అందరూ చూస్తున్నారు,” అన్నాడు తమ్ముడు, ఏడుస్తూ.

“చూడనీరా,” అన్నాడాయన.