బూడిద రంగుకు లొంగని కెంచడు

దయ్యాలు, శకునాలు, పూనకాలు, వీటిలో ఏదీ నాకు పట్టదు. నా పని కంప్యూటరుతో. అది చెప్పింది చేస్తుంది, చెప్పనిది చేయదు. ఎక్కడైనా తేడా వస్తే తప్పు నాదే అయ్యుంటుంది. మడకశిరలో ఇంట్లోనే కూర్చొని వెబ్ పేజీలు చేసిస్తుంటాను. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత చెప్పబోయేది నాకే నమ్మబుద్ధి కాదు.

మా చిన్నాయన, హనుమక్క చిన్నమ్మ దగ్గరి పల్లెలో గొర్రెలు మేపుతారు. వాళ్ల మంద పొట్టేలు పేరు కెంచడు. ఎర్రగా ఉంటాడని మావైపు కన్నడంలో పెట్టిన పేరు. ఇటుక రంగు ఒళ్లు, నుదుటి మీద చిన్నమ్మ రోజూ పూసే పసుపు. వాడికి పుట్టిన పిల్లలే కావాలని చుట్టుపక్కల వాళ్లు ముందే చెప్పి పెట్టుకునేవాళ్లు. వాడు లేకపోతే ఆ మందకు పేరే లేదు.

వాళ్ల గొర్రెల అమ్మకానికి ఒక పేజీ చేసిచ్చినాను. ఒక్కో జీవానికి ఒక్కో ఫోటో. అమ్ముడుపోయినా, చచ్చిపోయినా ఆ ఫోటోకు రంగు పోయి బూడిదగా మారుతుంది. పెద్ద విద్యేమీ కాదు. పేజీ ఎట్లా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్‌లో గ్రేస్కేల్ అనే ఫిల్టరు ఉంది, ఒక్క లైను రాస్తే చాలు. అసలు ఫోటో మారదు, తెర మీద చూపించేటప్పుడు బ్రౌజరు రంగు తీసేస్తుంది. గొర్రె బొమ్మయినా గోడ బొమ్మయినా దానికి ఒకటే.

పోయిన వానాకాలంలో, ఇసుక తప్ప ఏమీ కనిపించని మా వంక ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పొంగింది. ఊళ్లో చినుకు లేదు, పైన ఎక్కడో పడిన వాన అది. మంద దాటుతుండగా నీళ్లు వచ్చినాయి. గొర్రెలన్నీ గట్టెక్కినాయి. ఆ రోజు వెనకబడిన కెంచడు కొట్టుకుపోయినాడు. చిన్నాయన ఆ రోజూ మరుసటి రోజూ వెతికి, తుమ్మకంపలో వాడి మెడ గంట ఒక్కటే దొరికితే తీసుకొని వచ్చినాడు.

"పోయినాడు పాపా. నీ పేజీలో మార్చెయ్" అని ఫోన్ చేసినాడు.

చచ్చిన వాటికి పెట్టే గుర్తు పెట్టినాను. పేజీ మళ్లీ తెరిస్తే కెంచడు ఇటుక రంగులోనే ఉన్నాడు. నుదుటి పసుపు పసుపే.

ఎక్కడైనా అక్షరం తప్పు పడిందేమోనని చూసినాను. లేదు. ఫిల్టరు వేసినట్టు బ్రౌజరు లెక్కలో ఉంది, ఫోటోలో లేదు. బ్రౌజరు దాచుకున్న పాత కాపీ వస్తోందేమోనని అంతా తుడిచేసి తెరిచినాను. అంతే. ఫోన్‌లోనూ అంతే. అదే చోట వేరే గొర్రె ఫోటో పెడితే క్షణంలో బూడిదయింది. కెంచడిదే ఇంకో ఫోటో పెడితే రంగు కదలలేదు. చివరికి పేజీ మొత్తానికి మసకబరిచే ఫిల్టరు వేసినాను. మందంతా మసకబారింది. వాడు మాత్రం స్పష్టంగా నన్నే చూస్తున్నాడు.

లేచి బస్సెక్కి పల్లెకు పోయినాను.

చిన్నమ్మకు ఫోన్‌లో చూపించి, "చచ్చినవాటికి రంగు పోవల్ల చిన్నమ్మా. ఎంత చేసినా వీడికి పోతాల్యా" అన్నాను.

ఆమె కళ్లు ఆర్పకుండా చూసింది. "అయితే వాడు సావలేదు" అనింది.

"ఇది మిషను చిన్నమ్మా. ఏదో తప్పు..."

"మిషనుకు మన మీద ఏం పగ ఉండాది, అబద్ధం చెప్పేదానికి? మీ చిన్నాయన వంకెంబడి చెక్‌డ్యాం దాకానే పోయినాడు. దాని అవతల ఎవురు చూసినారు? లెయ్."

చిన్నాయన "ఊరికే ఆశ పెట్టుకోవద్దే" అంటూనే తాడు భుజాన వేసుకొని, కొడవలి పట్టుకొని మా వెనకే వచ్చినాడు. చెక్‌డ్యాం దాటి, ముళ్లు గీరుకుంటూ చాలా దూరం పోయినాము. అక్కడ వదిలేసిన రాళ్ల క్వారీ ఉంది. చిన్నమ్మ మందను పిలిచే కూత వేసింది. ఏమీ లేదు. మళ్లీ వేసింది. గుంతలోంచి బొంగురుగా ఒక అరుపు వచ్చింది.

చిన్నాయన చెప్పులతోనే దూకినాడు. వంక నీళ్లు తెచ్చి పడేసిన చెట్టు వేళ్లలో కొమ్ములు ఇరుక్కొని, బురదలో ఒక రాతి మీద నిలబడి ఉన్నాడు కెంచడు. బక్కచిక్కినాడు గానీ బతికే ఉన్నాడు. వేళ్లు కోసి విడిపించగానే చిన్నాయనను ఒక్క కుమ్ము కుమ్మినాడు. "కొట్టురా, బాగా కొట్టు!" అని బురదలో కూలబడి చిన్నాయన ఏడుస్తూ నవ్వినాడు.

ఊరి మొదట్లోనే ఎవరో తప్పెట అందుకున్నారు. పెళ్లికొడుక్కు పోసినట్టు కెంచడికి బిందెలతో నీళ్లు పోసినారు. చిన్నమ్మ ఎన్నికల్లో గెలిచినదాని మాదిరి అందరికంటే ముందు నడిచింది. సిగ్గు విడిచి నేనూ ఎగిరినాను.

మరుసటి రోజు అదే ఫోటోకు, అదే లైను మళ్లీ పెట్టి చూసినాను. వెంటనే బూడిద రంగయింది. బతికున్న వాటికి రంగు పోదు అనుకుందామంటే, అమ్ముడుపోయిన గొర్రెలన్నీ బతికే ఉన్నాయి, వాటి ఫోటోలన్నీ బూడిదగానే ఉన్నాయి. తెలిసినవాళ్లను అడిగితే బ్రౌజరులో లోపమన్నారు. ఒక్క పొట్టేలుకే, ఆ ఒక్క రోజే వచ్చే లోపం ఎట్లాంటిదో ఎవరూ చెప్పలేదు. నాకూ ఈ రోజుకీ అంతు పట్టలేదు.

చిన్నమ్మను అడిగితే, "నువ్వు సచ్చినాడని రాసినావు, వాడు ఒప్పుకోలేదు. అంతే కదమ్మే" అంటుంది. ఆమెతో వాదించలేను. పొద్దున మంద బయల్దేరేటప్పుడు ముందు నడిచేది కెంచడే మరి.