కోతికీ నాకూ ఒకటే పరీక్ష

అమెరికాలో ఎవరో ఒక చింపాంజీకి చేతులతో మాట్లాడడం నేర్పించారని వారపత్రికలో వచ్చింది. డెబ్బైల చివర్లో సంగతి. ఆ వార్త విని మా ఇంట్లో అందరూ ఆశ్చర్యపోతే, నేను మాత్రం భయపడ్డాను. తిరుపతిలో పెరిగిన నేను నగరిలో మరమగ్గాల ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఆరు నెలలు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరు మగ్గాలు. అవి ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని షెడ్డులో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. పోగు తెగింది, కండె అయిపోయింది, అన్నానికి పో, ఇవి సరే, పక్కవీధి కాపురాల గుట్టు కూడా చేతులతోనే నడిచేది. ఈ విద్యలో మా అత్తను మించినవాళ్ళు లేరు. ఆమె రెండు వేళ్ళు ఆడిస్తే షెడ్డు అవతలి కొసన ఉన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు.

నాకేమో సొంతంగా ఒక మగ్గం కావాలి. మగ్గాలకు నూలు కండెలు చుట్టిచ్చీ చుట్టిచ్చీ విసుగెత్తిపోయింది. చేతిమాట వచ్చేదాకా మగ్గం దగ్గరికి రానివ్వనని అత్త ముందే చెప్పేసింది. మగ్గంలో పోగుతో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎగిరి మీదికొస్తుంటే తప్పుకోమని అరిచి లాభం లేదు కదా.

ఆమె చెప్పింది న్యాయమే. ఓపిక లేనిది నాకే. సులువైన దారి పట్టాను. ఎవరైనా సైగ చేస్తే చేతులు వదిలేసి మొహం చూసేదాన్ని. కనుబొమలు పైకి లేస్తే తల ఊపాలి, మొహం ముడుచుకుంటే నాలుక కరుచుకోవాలి, నవ్వితే నవ్వాలి. మధ్యమధ్యలో వాళ్ళు చేసిన సైగనే నేనూ ఒకసారి చేసి చూపిస్తే ఇంకా మంచిది. తిరుపతి పిల్ల బాగా పట్టేసిందని పనివాళ్ళు అంటుంటే, నిజంగానే వచ్చేసిందేమోనని నాకే అనిపించేది. వాకిలి పక్క మగ్గం నాకిద్దామని అత్త మామతో అన్నదట కూడా.

సరిగ్గా అప్పుడే ఈ చింపాంజీ వచ్చి పడింది. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు ఆగితే మా ఇంట్లో నోళ్ళు లేచేవి. మామ పత్రిక పైకి చదివాడు. దానికి నిజంగా అర్థమవుతోందా, నేర్పినవాళ్ళ వాలకం చూసి చేస్తోందా అన్నది పెద్ద చదువులవాళ్ళే తేల్చలేకపోతున్నారట. మామ చింపాంజీ పక్షం. అరటిపండు అడిగి మరీ తింటుంటే ఇంకా అర్థం కావడమంటే ఏమిటని ఆయన వాదన. అలిపిరి మెట్ల మీద కోతులు కూడా చెయ్యి చాపుతాయి, వాటికేం భాష వచ్చని మా ఆయన ఎదురు తిరిగాడు.

"అది మొహం సూసి ఆడతాది నాయనా. చేతులు సూడదు" అన్నాడు.

నేను కండెల బుట్టలోకి తల దూర్చాను. అత్త అంతా విని తీర్పు చెప్పింది.

"దానికింత వాదనేల? మొహంలో ఏమీ తెలీకుండా దాన్నే తిట్టి సూడండి. అర్థమయింటే కోపమొస్తాది."

కరెంటు వచ్చింది. మగ్గాలు మొదలవగానే అత్త నా ఎదుట నిలబడింది. నవ్వూ లేదు, కోపమూ లేదు. చేతులు మాత్రం చాలాసేపు ఆడాయి. నేను ఆమె కనుబొమలు వెతుక్కున్నాను. అవి కదల్లేదు. ఎందుకైనా మంచిదని నవ్వాను, తల ఊపాను, ఆమె చివరగా చేసినట్టే ముక్కు మూసుకుని చూపించాను. షెడ్డంతా నవ్వలేక చచ్చింది.

నా పులుసు గేదెలు కూడా తాగవని, మా అమ్మ నాకు వంట నేర్పకుండా పంపిందని ఆమె అన్నదట. మా ఆయన తర్వాత చెప్పాడు. మా అమ్మను తిడితే ఔనౌనని తల ఊపినందుకు నాకు ఏడుపొచ్చింది.

మగ్గం పోయింది. అత్త కేకలేసినా బాగుండేది. పక్కన కూచుని మెల్లగా అడిగింది.

"కోతయినా పండుకోసరం చేస్తాది. నువ్వు దేనికి చేసినావు మ్మే? నాడె కంట్లోకొస్తే, నువ్వు తలకాయ ఊపితే ఆగతాదా?"

ఆ మర్నాటి నుంచి మొహాలు చూడడం మానేశాను. ఎన్ని నెలలు పట్టిందో గుర్తులేదు. తప్పులు చేశాను, తెలియనప్పుడు తెలియదని చెయ్యి తిప్పాను, మళ్ళీ చెప్పించుకున్నాను. సిగ్గు చంపుకోవడం సైగలకంటే కష్టమైంది.

ఒకరోజు అత్త షెడ్డు అవతలి కొసన మగ్గం నడిపే ఒకామెతో మాట్లాడుతూ తలకు రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టింది. మళ్ళీ నా పులుసూ, గేదెలూ. నేనేం చేస్తున్నానో తెలిసేలోపే బుట్ట కింద పెట్టి అత్త ముందుకు వెళ్ళాను. నేనూ కొమ్ములు పెట్టాను. ఆమె వైపు వేలు చూపించాను. మధ్యాహ్నం ఆ పులుసు మూడుసార్లు పోయించుకున్న గేదె ఎవరని మూడు వేళ్ళెత్తి అడిగాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అత్తకు అలా ఎదురు చెప్పినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఆమె మొహం ఎర్రబడింది, ముడుచుకుంది. పాత నేనైతే అది చూసి నాలుక కరుచుకునేదాన్ని.

నేను ఆమె చేతినే చూశాను. అది వాకిలి పక్క మగ్గాన్ని చూపిస్తోంది.