చెంపరొట్టె

ఆ వీధిలో రొట్టెను రొట్టె అంటే ఎవరికీ తెలీదు. చెంపరొట్టె అనాలి. పెనం వేడెక్కకముందే మొదలైన వరస మందుల షాపు దాటి, మంగలి కొట్టు చుట్టూ తిరిగొచ్చి, మొదటివాడి వీపుకే తగిలేది. రొట్టెలు కాల్చే కోడలు మాత్రం పంతొమ్మిదేళ్లుగా ఎడమ చెంప గోడవైపు తిప్పుకునే నిలబడుతుంది.

ఆ పేరెలా వచ్చిందని ఎవరడిగినా అత్తగారు గొంతులో తేనె ఒలికించేది.

"పసిపిల్ల చెంపలా మెత్తగా ఉంటుంది కదా బాబూ! పేరు పెట్టింది నేనే."

పెట్టింది ఆవిడే, అందులో అబద్ధం లేదు. కోడలు కాపరానికొచ్చిన మూడోరోజున రొట్టె అంచు మందంగా కాలిందని, పెనం మీది రొట్టెను పట్టకారుతో తీసి ఆ పిల్ల చెంపకు అద్దింది. "మెత్తనంటే ఏంటో నీ చెంపనడుగు" అంది. మొగుడు పక్కనే ఉన్నాడు, రెండో రొట్టె తింటూ. మర్నాటినుంచి "ఇంకో చెంపరొట్టె వెయ్యి" అని ఇంట్లో ఒకటే నవ్వులాట. ఆ మాట గడప దాటి వీధిన పడింది.

కోడలికి ఒకటే పంతం. పోయేలోగా ముసలిదే తన నోటితో పదిమందిలో నిజం చెప్పాలి.

పోయినేడు అత్తకు కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆ నాలుకను పడగొట్టే రోగం మాత్రం ఇంకా పుట్టలేదు. కోడలు మంచాన్ని కొట్టు ముందుకు లాక్కొచ్చి, పాలల్లో నానిన రొట్టెను నోటిదాకా తెచ్చి ఆపింది. ఎదురుగా వరసలో వందమంది.

"పేరెలా వచ్చిందో చెప్పండత్తయ్యా. అప్పుడే ముద్ద."

"నన్ను మాడ్చి చంపుతావుటే?"

"చెప్పండి."

మూడు పూటలు గడిచాయి. నాలుగో పూట ముసలిది చెప్పేసింది, పట్టకారుతో సహా, చుయ్యిమన్న చప్పుడుతో సహా.

వీధి గుడ్లప్పగించింది. ఒక్కరైనా అయ్యో అంటారని కోడలు వరసకేసి చూసింది.

ముందు దర్జీ పకపకా నవ్వాడు. "ఓసి నీ దుంపతెగ, ముసలమ్మా! ఇదా సంగతి!" ఆపైన వరసంతా పొట్టలు పట్టుకుంది. "అక్కా, ఏదీ, ఆ చెంప ఇటు చూపించు!"

వారం తిరిగేసరికి వరస రెండింతలైంది. మొగుడు కొత్త బోర్డు రాయించాడు. బోర్డు మీద ఆడమనిషి ముఖం గీస్తూ నిచ్చెన మీంచి పెయింటరు అన్నాడు.

"వదినా, కాస్త వెలుతురులోకి తిరుగు. మచ్చ సరిగ్గా రావాలిగా."

"తిరగవే" అంది అత్త, నోటినిండా రొట్టెతో. "పేరు పెట్టింది నేనేనని కూడా కింద రాయి నాయనా."

కోడలు తిరిగింది.