సురంగల్‌లో నేను కనిపెట్టిన గని

తంతే బూరెల బుట్టలో పడ్డాడని అదృష్టవంతుల గురించి అంటారు. నేను బూరెల బుట్టనే తన్నినవాణ్ణి. ఆ బుట్ట కూడా నాది కాదు, మా బాపుది. అందులో ఉన్నది బూరెలు కావు, చేవెళ్లలో ఆయన పెళ్లికి ముందు నుంచీ కిరాయి కట్టుకుంటూ కూర్చున్న కిరాణా దుకాణం. దాన్ని ఒక ఎర్రరాయితో నేనెట్లా ఊడగొట్టబోయానో చెబుతాను. నవ్వుకోండి, మొహమాటపడకండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఆ రోజుల్లో మా దిక్కు పిల్లలంతా పొద్దున్నే బస్సెక్కి పట్నం పోయి, కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని, చూస్తుండగానే మెడలో గుర్తింపు కార్డులు వేలాడేసుకుని తిరిగొచ్చేవారు. నేను మాత్రం ఎం.ఎస్సీ. జియాలజీలో చేరాను. ఎందుకు చేరావని అడగకండి, సీటు అందులోనే వచ్చింది. మా పెద్దనాన్న కొడుకు జావా నేర్చుకుని కారు కొన్నాడు. నేను రాళ్ల చదువు నేర్చుకుని సుత్తె కొన్నాను. పెళ్లిళ్లలో చుట్టాలు వాడికి పక్కన కుర్చీ వేసేవారు, నన్ను వడ్డనకు పిలిచేవారు. ఎప్పటికైనా ఒక పెద్ద సంగతి కనిపెట్టి వీళ్లందరి నోళ్లూ మూయించాలని నాకు మహా కసిగా ఉండేది.

అప్పుడే మా దుకాణం నడిచే మడిగె, అంటే ఆ కిరాయి గది, అమ్మకానికి వచ్చింది. దాని యజమాని మంచివాడు. "సేటూ, ముందుగాల నీకే చెప్తున్న. చైత్ర పున్నం లోపల తీసుకుంటే నీది. లేకుంటే మొబైల్ షాపు పెడతమని ఒకాయన తిరుగుతుండు" అన్నాడు. బాపుకు ఆ మడిగె అంటే ప్రాణం. చేతిలో ఉన్నదల్లా సురంగల్‌లో మా తాత కొన్న రెండెకరాలు. ఏళ్ల తరబడి కౌలుకిచ్చేసిన మెట్ట చెలక అది, మాలో ఎవరమూ అటు తొంగిచూసింది లేదు. అదృష్టం బాగుండి, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే వినయ్ గారు ఫామ్‌హౌస్ కోసం మొయినాబాద్ దిక్కు వెతుకుతూ ఆ చెలకను మెచ్చారు. మాటలైపోయాయి. ఆదివారం ఇంటిల్లిపాదితో వచ్చి చూసుకుని బయానా ఇస్తామన్నారు. ఆ వారమంతా బాపు పప్పు తూస్తూ కూనిరాగాలు తీశాడు.

హద్దురాళ్లు కనబడుతున్నాయో లేదో చూసి రమ్మని ఆయన నన్ను పంపాడు. అంతే పని. హద్దురాళ్లు చూసి వచ్చేసి ఉంటే ఈ కథే లేదు.

చెలక మూలన, గట్టు మీద సీతాఫలం పొదలు కమ్ముకుని ఉన్నాయి. వాటి కింద మట్టిలో ఎర్రటి పెళ్లలు కనబడ్డాయి. ఒకటి తీశాను. పిడికెడంత ఉంది గానీ తూకపురాయిలా బరువు. గోరుతో గీరితే గీత పడింది. అంటే మెత్తనిది. పగిలిన చాయ్ కప్పు అడుగున రుద్దితే నారింజ రంగు చార వచ్చింది. పైన జిడ్డు జిడ్డుగా మెరుపు. సుత్తెతో కొడితే లోపల పొరలు పొరలు, ఆ పొరల మధ్య వెండిలా తళుకులు. పుస్తకంలో చదివిందంతా వరుసగా కళ్ల ముందుకొచ్చింది. మినియం! సీసం, ఆక్సిజన్ కలిసిన ఎర్ర ఖనిజం, ఆక్సైడ్ వర్గం. ఆ తళుకులు గెలీనావి, అంటే సీసపు ముడి ఖనిజానివి. మినియం ప్రకృతిలో మహా అరుదు, దొరికినా సీసపు రాళ్ల మీద పలచటి పొడిగానే దొరుకుతుందని అదే పుస్తకం చెప్పింది. మరి నా చేతిలో పిడికెడు పెళ్ల ఎట్లా ఉంది? అనుమానం లేవాల్సిన చోట నా కాలరు లేచింది.

దుకాణానికి పరుగెత్తుకొచ్చి గల్లాపెట్టె మీద పెట్టాను. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది యాడనో చూసినట్టే ఉన్నదిరా."

"నువ్వు యాడ చూస్తవు బాపూ? దునియాలనే మస్తు తక్కువ దొరికేది ఇది."

ఆయన తల గోక్కున్నాడు. మా అవ్వ వచ్చి పెళ్లను ముట్టుకుంది, ఎందుకో ఆ వేళ్లను కళ్లకద్దుకుంది. నా చదువు మీద కన్నతల్లికి ఇంత భక్తి ఉందా అని పొంగిపోయాను. ఇక ఆగలేదు. మన చెలక కింద గని ఉందని, దాన్ని ఫామ్‌హౌస్ ధరకు ఇచ్చేస్తే లోకం నవ్వుతుందని, ఆదివారం మాట్లాడే పని నాకు వదిలెయ్యమని చెప్పాను. పున్నం లోపల గని తవ్వుడు అయితదా అని బాపు అడిగాడు. ఫికర్ చెయ్యకు అన్నాను. జీవితంలో ఆయన నా మాట విన్నది ఆ ఒక్కసారే, అదీ నా ఖర్మ.

ఆదివారం వినయ్ గారు భార్యతో, తల్లితో, నడక నేర్చిన చిన్నపాపతో దిగారు. బాపు తాంబూలం పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. పాప నేరుగా గట్టు దగ్గరికి పోయి మట్టితో బువ్వలు వండడం మొదలుపెట్టింది. నేను గొంతు సవరించుకున్నాను.

"సార్, ఈ భూమిని మామూలు భూమి అనుకోకండి. దీంట్ల సీసం ఉన్నది."

"సీసమా?"

"లెడ్ సార్. రెడ్ లెడ్."

వినయ్ గారి ముఖం తెల్లబోయింది. నేను దాన్ని ఆశ్చర్యం కింద జమకట్టుకుని ఇంకా రెచ్చిపోయాను. పైన కనబడేదే ఇంతుంటే లోపల ఎంతుందో ఎవరికి ఎరుక అన్నాను.

"బోరు నీళ్లలో కూడా ఉంటుందా?" అని ఆయన నెమ్మదిగా అడిగారు.

మా గనిని తక్కువ చేసి మాట్లాడతాడా అని నాకు రోషం వచ్చింది. "ఎందుకుండదు సార్? తప్పకుండ ఉంటది" అన్నాను.

ఆయన భార్య పాపను చంకనేసుకుని, సీసాడు నీళ్లు ఆ చిన్న చేతుల మీద కుమ్మరించింది. సీసమున్న రంగులు పూసిన బొమ్మలు పిల్లలకు ఎంత విషమో నెట్‌లో చదివామని వినయ్ గారు మర్యాదగానే చెప్పారు. ఆ మర్యాద పూర్తయ్యేలోపే కారు కదిలింది. దుమ్ము అణిగేసరికి పళ్లెంలో తమలపాకులు ఎర్రబడి ఉన్నాయి, బాపు ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నాడు.

తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. "పోనీ తియ్యిరా. నీకేం ఎరుక" అని మాత్రం అన్నాడు. సాయంత్రం దుకాణంలో ఖాళీ డబ్బాలు దించి తుడవడం మొదలుపెట్టాడు, ఇంటికి చేర్చడానికి. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, బియ్యం బస్తాల వెనక్కు పోయి ఏడ్చాను కూడా.

ఇక మిగిలింది ఒకటే ఆశ. గని నిజమని మా ప్రొఫెసర్‌తో అనిపించుకుంటే ఎవరో ఒకరు కొనకపోరు. తెల్లారగానే పెళ్లను, చెలకలో నాలుగు చోట్ల తీసిన మట్టిని మూటగట్టుకుని కాలేజీకి పోయాను. ఆయన భూతద్దం పెట్టి చూశారు, ముక్కు దగ్గర పెట్టుకున్నారు, సూదితో పొరలు విప్పారు.

"జిడ్డు మెరుపు అన్నవు కదా. ఇది నువ్వుల నూనె."

"మరి గెలీనా, సార్?"

"తగరపు రేకు. పూజ సామాన్ల దుకాణంల దొరుకుతది." సూది మొనతో లోపల్నుంచి ఒక నూలుపోగు లాగారు. "ఖనిజమంటే ఏందో చెప్పు."

చెప్పాను. ఘనపదార్థమై ఉండాలి, నిర్దిష్టమైన రసాయన కూర్పు ఉండాలి, పరమాణువుల అమరికలో ఒక క్రమం ఉండాలి.

"అన్నిటికన్న ముందు?"

"ప్రకృతిల దానంతటదే ఏర్పడాలె, సార్."

"ఇది బట్టీల సీసం కాల్చి చేసిన పాతకాలపు సిందూరం. కెమిస్ట్రీల పాసైనవు, జియాలజీల ఫెయిలైనవు. మీ చెలకల హన్మాండ్లు ఉన్నడా?"

మట్టిని కూడా పరీక్ష చేయించి, ఆ పెళ్లలు పడ్డచోట తప్ప చెలకంతా శుభ్రంగా ఉందని, ఆ కాస్త మట్టీ జాగ్రత్తగా ఎత్తి తీసేస్తే చాలని చెప్పి పంపారు. ఆయన నవ్వు కారిడార్ చివరి దాకా నా వెంట వచ్చింది.

సంగతి చెప్పగానే బాపు తల పైకెత్తాడు. ఆయన కూర్చునే చోటుకు సరిగ్గా పైన, అరలో, సిందూరం పొట్లాలు బారులు తీరి ఉన్నాయి. నేను గల్లాపెట్టె ముందు నిలబడి మినియం గురించి ఉపన్యాసం దంచినప్పుడు కూడా అవి అక్కడే ఉన్నాయి. "మా బాపు పెట్టిండురా హన్మాండ్లను, గట్టు కాడ. ఏటేటా సిందూరం పూసేటోడు. నేను చిన్నగున్నప్పుడే పోయిండు, ఇగ ఎవలం పోలే" అన్నాడు. అవ్వ చెయ్యి కళ్లకు ఎందుకు పోయిందో అప్పుడర్థమైంది. అది నా చదువు మీద భక్తి కాదు.

ఇద్దరం పోయి సీతాఫలం కొమ్మలు కొట్టేస్తే, పక్కకు ఒరిగిన రాతి మీద స్వామి బయటపడ్డాడు. ఏటేటా పూసిన పూత పెచ్చులూడి కింద రాలి ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టేవాళ్లుంటారు. నేను గట్టును గీకి హనుమంతుణ్ణి పట్టాను, అదీ సుత్తెతో. బాపు నా ముఖం చూసి మొదట పెదవి బిగబట్టాడు, తర్వాత గట్టు మీదే కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ఇంకా అసలు పని ఉంది. పున్నం దగ్గరపడింది. బాపును వెంటబెట్టుకుని వినయ్ గారి ఫ్లాటుకు పోయి, నేను కనిపెట్టిన గనిని నా నోటితోనే మూసేశాను. మట్టి పరీక్ష సంగతీ చెప్పాను. ఆయన నమ్మీ నమ్మనట్టు వింటున్నారు. మొన్న విద్వాంసుడిలా మాట్లాడినవాణ్ణి ఇవాళ ఎవరు నమ్ముతారు? లోపలి గదిలోంచి ఆయన తల్లి వచ్చారు.

"ఆ పొలంలో హనుమంతుడున్నాడా?"

"ఉన్నడమ్మా. జర ఒరిగిండు" అన్నాడు బాపు.

ఆవిడ కొడుకు వైపు తిరిగారు. "స్వామి ఉన్న భూమిని వదులుకుంటావట్రా?" తర్వాత నన్ను తేరిపార చూశారు. "ఒక్క షరతు. స్వామిని గీకినవాడే ఏటా వచ్చి సిందూరం పెట్టాలి."

వినయ్ గారి భార్య ఇంకో షరతు కలిపారు. ఆ సిందూరంలో సీసం ఉండకూడదు, ఉందో లేదో నేనే పరీక్ష చేయించి తేవాలి.

మడిగె మాదైంది. అందులో బాపు ఇప్పటికీ పప్పు తూస్తూ కూనిరాగాలు తీస్తున్నాడు. పెద్దనాన్న కొడుకు కార్లు మార్చాడు. నేను ఏటా స్వామి పుట్టినరోజైన చైత్ర పున్నానికి, పరీక్షలో నెగ్గిన పొట్లమూ నువ్వుల నూనే పట్టుకుని సురంగల్ బస్సెక్కుతాను. నా రాళ్ల చదువు మొత్తానికి దొరికిన ఏకైక ఉద్యోగం ఇదే, జీతం రెండు అరటిపళ్లు.

కనుక మీ అందరి సాక్షిగా, మా మడిగె మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఎర్రటి రాయి ఏది కనబడ్డా సరే, ముందు చెప్పులు విడిచి దండం పెడతాను. ఆ తర్వాతే గీకుతాను.